అనంతగిరి బాటలో మాట, నడక

సికింద్రాబాదు నుండి వాడికి పోవు రైలుమార్గము 1874లో ఏర్పడినది. వికారాబాదు, తాండూరు రెండును ఆ దారిలోని స్టేషనులే. తాండూరు అనగానే మనకు నాపరాయి, కందిపప్పు స్ఫురించును. పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా పేరు మోయుచున్న వికారాబాదు అన్నంతనే మన పెద్దలకు తట్టునది మాత్రము వేరు: క్షయరోగము. ఊరి చెంతనున్న అనంతగిరిపై నిజాము కాలముననే క్షయరోగులకు ఆరోగ్యాలయము వెలసినది. ఈ కొండలలోనే మూసీ పుట్టి హైదరాబాదు వైపునకు, కాగ్నా పుట్టి తాండూరు వైపునకు పోవును. అడవిగాలి ఉన్నది, నగరమునుండి రోగిని చేర్చుటకు రైలున్నది. అంతకు మించి ఆనాటి వైద్యులు కోరునది లేదు.

మందు లేని దినములవి. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడువరకు క్షయక్రిమిని దెబ్బతీయగల సరియైన ఔషధము వైద్యుని చేతిలో లేదు. ఉన్నవి విశ్రాంతి, పుష్టినిచ్చు ఆహారము, ఆరుబయటి గాలి, కొలచి ఇచ్చెడి నడక. కొలచి ఇచ్చుట అన్నది అలంకారము కాదు. సైలీషియాలోని గోర్బెర్స్‌డోర్ఫున బ్రేమర్ తన రోగులను కొండబాటల నడిపించెను. ఆయన వద్దనే చికిత్స పొందిన డెట్‌వైలర్ 1876లో వేరుగా ఆరోగ్యాలయము తెరచి, గురువుతో విభేదించి, నడక కన్న పడక మేలనెను. ఇంగ్లండులోని ఫ్రిమ్లీ ఆరోగ్యాలయమున మార్కస్ పాటర్సన్ 1905 నుండి మధ్యమార్గము పట్టెను. జ్వరము తగ్గినవానికి మొదట అర మైలు, తట్టుకొనినకొలది దినమునకు పది మైళ్ళ వరకు నడక. పిమ్మట బుట్టలు మోయుట, పార పట్టుట. థర్మామీటరులో పాదరసము పైకి ప్రాకెనా, మరల మంచమే! మన తెలుగుదేశమున మదనపల్లె చెంత 1912లో నెలకొన్న ఆరోగ్యవరమును డేనిష్ వైద్యుడు ఫ్రిమాట్ మోలర్ పెంచినదియు ఈ ఆరోగ్యాలయ యుగముననే.

నడక సరే, మాట యెక్కడిది? 1905లోనే బోస్టనులో జోసెఫ్ ప్రాట్ అను వైద్యుడు, ఆరోగ్యాలయమునకు పోజాలని పేద క్షయరోగులను వారమునకొకసారి ఒకచోట చేర్చసాగెను. ఇంటివద్ద ఆరుబయట విశ్రమించుట, దినచర్య వ్రాసికొనుట, వారమునకొకసారి కలిసికొనుట: ఇదియే చికిత్స. జాతులు వేరు, మతములు వేరు, రోగమొక్కటి. ఆ కూటమిలో రోగలక్షణముల ప్రసంగము రాదనియు, అందరును ఉల్లాసముగ నుందురనియు ప్రాట్ వ్రాసెను. ఊపిరితిత్తుల కొరకు మొదలైన ఆ కూటములనే నేడు సామూహిక మానసిక చికిత్సకు మూలముగ చరిత్రకారులు చెప్పుదురు. మనస్సునకు మందు క్షయ వార్డు గుమ్మమునుండి వచ్చుట మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినది.

రోగిని సోఫాపై పరుండబెట్టి మాట్లాడించిన ఫ్రాయిడు సైతము 1910 ఆగస్టులో లైడెను వీధులలో సంగీతకర్త మాలరుతో నాలుగు గంటలు నడచుచు ఆయన గోడు వినెను. ఎదురుగ కూర్చున్నపుడు గొంతులో అడ్డుపడు మాట, ప్రక్కప్రక్కన నడచునపుడు సులువుగ జారుననుట మనలో పొలము గట్లపై నడచినవారందరికిని తెలిసినదే.

ఇక కథ మలుపు తిరిగినది మద్రాసులో. 1956లో ఆరంభమైన క్షయ ఔషధ చికిత్సా కేంద్రము 193 మంది రోగులను రెండు తెగలుగ విభజించి, కొందరికి ఆరోగ్యాలయమున, కొందరికి వారి ఇరుకు ఇండ్లలో ఒకే మందులు సంవత్సరముపాటు ఇచ్చెను. 1959లో ఫలితము ప్రకటితమైనది. మందు సక్రమముగ మ్రింగినచో కొండగాలి, పట్టుపరుపు, మంచి భోజనము లేకున్నను రోగము ఇంచుమించు అంతే కుదురును. ఇది పేదలకు మహోపకారము. ఈ తీర్పును మేము కాదనుట లేదు. కొండగాలి క్షయను కుదిర్చెననుట అభిమానమే కాని శాస్త్రము కాదు.

అయినను మంచములతోపాటు మరియొకటి ఖాళీ అయినది. ఇంటికి పోయిన రోగికి మందుబిళ్ళలు దక్కినవి, తోడు నడచువాడు దక్కలేదు. కంచము వేరు, గ్లాసు వేరు, పెండ్లి సంబంధములలో గుసగుస. మద్రాసు ప్రయోగమున మాత్రము కార్యకర్తలు తరచు రోగుల ఇండ్లకు పోయి విచారించుచుండిరి. మందుతోపాటు మాటయు గడప తొక్కినదన్న సంగతి మనము తేలికగ మరచితిమి.

తాండూరు నాపరాతి గనిలో పనిచేయువానికి నడక నేర్పనక్కరలేదు. దినమంతయు నడచుచునే ఉండును, బరువుతో. రాతిధూళిలోని సిలికా ఊపిరితిత్తులను చెరచి క్షయకు దారితీయునని వైద్యులు చెప్పుదురు. అట్టివానికి దగ్గు వచ్చినపుడు ఆరునెలల మందు ఉచితముగ లభించును. బరువు లేని నడక, తొందర లేని శ్రోత ఎక్కడ లభింతురు?

మొన్న ఒక సాయంకాలము మేము అనంతపద్మనాభస్వామి ఆలయము నుండి అడవిబాటన దిగుచుంటిమి. ముందు ఇద్దరు నడచుచుండిరి. ఒకడు ఆగి దగ్గి, మరల మాట అందుకొనెను. రెండవవాడు చేతికఱ్ఱతో ఎండుటాకులను ప్రక్కకు త్రోయుచు, తలయెత్తకయే ఊకొట్టుచుండెను. వారిని దాటిపోవుట భావ్యము కాదని మేమును అడుగు తగ్గించితిమి.