డ్రమ్ముల్లో దాచిన ఎండ

1948, క్రిస్మస్‌కు ముందు రోజు. అమెరికాలో బోస్టన్ దగ్గరి డోవర్ ఊళ్లో ఓ చిన్న కుటుంబం కొత్త ఇంట్లో దిగింది. బయట ఎముకలు కొరికే చలి. ఇంట్లో చూస్తే బొగ్గు లేదు, చమురు పొయ్యి లేదు. పగలు కాసే ఎండే రాత్రికీ వెచ్చదనం ఇవ్వాలి.

ఆ ధీమా మరియా టెల్కెస్‌ది. 1900లో బుడాపెస్ట్‌లో పుట్టి, అమెరికా వచ్చి, ఎం.ఐ.టి.లో సౌరశక్తి మీద పనిచేసిన శాస్త్రవేత్త ఆమె. ఇంటి నమూనా గీసింది ఎలినార్ రేమండ్. డబ్బు పెట్టింది శిల్పి అమేలియా పీబాడీ. ముగ్గురూ ఆడవాళ్లే. ఆ రోజుల్లో ఇలాంటి ప్రయోగం ఆడవాళ్ల చేతుల మీదుగా నడవడం ఎంత అరుదో!

పై అంతస్తులో దక్షిణం వైపు వరసగా గాజు పలకలు, వాటి వెనక నల్లరంగు వేసిన రేకు. ఎండకు రేకు కాగి, దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కితే, ఫ్యాన్లు ఆ గాలిని గదుల మధ్య కట్టిన అరల్లోకి తోసేవి. కిటుకంతా ఆ అరల్లోనే ఉంది. అక్కడ డ్రమ్ముల నిండా గ్లాబర్ లవణం, సుమారు 21 టన్నులు. ఒకప్పుడు విరేచనాల మందుగా వాడిన ఉప్పే ఇది. 32 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కరిగేటప్పుడు కిలో ఉప్పు మింగే వేడితో కిలో నీళ్లను దాదాపు 60 డిగ్రీలు వేడెక్కించవచ్చు. పొద్దు గుంకి చల్లబడ్డాక మళ్లీ గడ్డకడుతూ మింగిన వేడిని బయటికి వదులుతుంది.

రెండు చలికాలాలు ఇల్లు వెచ్చగా ఉంది. మూడో ఏట దెబ్బతింది.

ఈ ఉప్పు కరిగినప్పుడు కొంత భాగం తనలోని నీటిలో కలవకుండా అడుగున మడ్డిలా పేరుకుంటుంది, పైన తేట నిలుస్తుంది. చల్లారాక ఆ రెండూ మళ్లీ పూర్తిగా కలవవు. కరిగి గట్టిపడిన ప్రతిసారీ దాచుకోగల వేడి కాస్త తరుగుతూ పోయింది. డ్రమ్ములూ తుప్పుపట్టి కారాయి. చివరికి ఆ ఇంట్లో చమురు పొయ్యి పెట్టక తప్పలేదు. అయినా డోవర్ చలిలో రెండేళ్లు పొయ్యి లేకుండా నిలిచిన ఇంటిని విఫల ప్రయోగమని కొట్టిపారేయడం అన్యాయం.

టెల్కెస్ ఆ ఉప్పును వదల్లేదు. మడ్డి దిగకుండా అందులో ఒక రకం బంకమన్ను కలిపి జావలా చిక్కబరిచే పద్ధతికి 1976లో పేటెంటు తీసుకున్నారు. అప్పటికి ఆమెకు 75 ఏళ్లు.