నాలుగు పరుగుల లోటు.. ఏడు దశాబ్దాల ఆశ

* సీకే నాయుడు నుంచి నితీశ్‌ కుమార్‌ రెడ్డి వరకు ఆంధ్ర రంజీ జట్టు ప్రస్థానం
* మహానగరం అండ లేకుండా జిల్లాల బలంతోనే ఎదిగిన వైనం

విజయనగరం: 2024 ఫిబ్రవరి.. ఇండోర్‌లో రంజీ ట్రోఫీ క్వార్టర్‌ ఫైనల్‌. మధ్యప్రదేశ్‌పై నెగ్గి సెమీస్‌ చేరడానికి ఆంధ్ర జట్టుకు కావలసినవి 170 పరుగులు. 165 వద్ద చివరి వికెట్‌ పడిపోయింది. నాలుగు పరుగుల తేడాతో ఓటమి. అంతకు ముందు ఏడాది కూడా అదే మైదానంలో, అదే ప్రత్యర్థి చేతిలో, అదే క్వార్టర్‌ ఫైనల్‌లో ఆంధ్ర వెనుదిరిగింది. 1953లో పుట్టిన జట్టుకు 2024-25 సీజన్‌ ముగిసేనాటికి ఒక్క రంజీ ట్రోఫీ కూడా దక్కలేదు. అయినా ఇదే జట్టు భారత టెస్టు జట్టుకు ఆటగాళ్లను అందించే స్థాయికి చేరింది. ఈ రెండింటి నడుమ సాగిందే ఆంధ్ర క్రికెట్‌ చరిత్ర.

రాష్ట్రంతో పాటే పుట్టిన జట్టు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. అదే ఏడాది ఆంధ్ర క్రికెట్‌ సంఘం (ఏసీఏ) ఏర్పడింది. 1953-54 సీజన్‌లో జట్టు తొలిసారి రంజీ బరిలోకి దిగింది. భారత తొలి టెస్టు సారథి కల్నల్‌ సీకే నాయుడు ఆ సీజన్‌లో 58 ఏళ్ల వయసులో ఆంధ్ర తరఫున ఆడారు. నాగపూర్‌లో పుట్టిన ఆయనది తెలుగు కుటుంబమే. 1936లో ఇంగ్లాండ్‌లో భారత జట్టుకు సారథ్యం వహించిన విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతిరాజు (విజ్జీ) మాత్రం రంజీ ఆడింది యునైటెడ్‌ ప్రావిన్సెస్‌కే. ఆయన ఆడే రోజుల్లో ఆంధ్రకంటూ ఒక జట్టు లేదు.

1956లో ఆంధ్రప్రదేశ్‌ ఏర్పడినా క్రికెట్‌ పటం మారలేదు. తెలంగాణ ప్రాంతం హైదరాబాద్‌ జట్టు పరిధిలోనూ, కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆంధ్ర జట్టు పరిధిలోనూ కొనసాగాయి. అందుకే 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు క్రికెట్‌లో పంచుకోవలసింది ఏమీ లేకపోయింది. అయితే ఈ విభజన వల్ల ఆంధ్రకు ఆది నుంచీ ఒక లోటు ఉండేది. రెండుసార్లు (1937-38, 1986-87) రంజీ విజేతగా నిలిచిన హైదరాబాద్‌కు నగర క్లబ్బులు, బ్యాంకుల జట్లు, లీగ్‌ పోటీలు అండగా నిలిచాయి. ఆంధ్రకు ఉన్నవి జిల్లా కేంద్రాల్లోని కళాశాల, మున్సిపల్‌ మైదానాలే.

944 పరుగుల గాయం

ఆ తేడా ఎంతటిదో 1994 జనవరిలో తేలిపోయింది. సికింద్రాబాద్‌లో ఆంధ్రపై హైదరాబాద్‌ 6 వికెట్లకు 944 పరుగులు చేసి డిక్లేర్‌ చేసింది. ఎం.వి.శ్రీధర్‌ 366, వివేక్‌ జయసింహ 211, నోయెల్‌ డేవిడ్‌ 207 నాటౌట్‌. రంజీ చరిత్రలో అత్యధిక స్కోరుగా అది నమోదైంది. చాలా కాలం ఆంధ్ర పేరు రికార్డు పుస్తకాల్లో వినిపించింది ఇలా ప్రత్యర్థుల ఘనతల పక్కనే.

తలుపు తీసిన గుంటూరు, విశాఖ

ఈ పరిస్థితిని మార్చిన తొలి పేరు గుంటూరు జిల్లాకు చెందిన ఎమ్మెస్కే ప్రసాద్‌. వికెట్‌కీపర్‌గా 1998లో వన్డేల్లో, 1999లో టెస్టుల్లో అరంగేట్రం చేశారు. 6 టెస్టులు, 17 వన్డేలు ఆడారు. తరువాతి కాలంలో జాతీయ సెలక్షన్‌ కమిటీకి అధ్యక్షత వహించారు.

విశాఖకు చెందిన వై.వేణుగోపాలరావు 2004లో దక్షిణ మండలం తరఫున ఇంగ్లాండ్‌-ఎపై అజేయంగా 228 పరుగులు చేశారు. దులీప్‌ ట్రోఫీలోని ఆ మ్యాచ్‌లో దక్షిణ మండలం 501 పరుగుల లక్ష్యాన్ని ఛేదించింది. 2005లో ఆయనకు భారత వన్డే జట్టులో చోటు దక్కింది. 16 వన్డేలు ఆడారు. అదే ఏడాది ఏప్రిల్‌లో విశాఖ శివారులోని కొత్త స్టేడియంలో తొలి వన్డే జరిగింది. పాకిస్థాన్‌పై ధోని 148 పరుగులు చేసింది అక్కడే. ఈ మైదానం 2016లో టెస్టు వేదికగానూ మారింది.

విజయనగరం, ఒంగోలు, కడప, అనంతపురం, విజయవాడ సమీపంలోని మూలపాడు.. ఇలా మైదానాలు జిల్లాలకు విస్తరించాయి. ఫలితం స్కోరు బోర్డుపై కనిపించింది. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవాపై కోన శ్రీకర్‌ భరత్‌ 308 పరుగులు చేసి, రంజీలో త్రిశతకం సాధించిన తొలి వికెట్‌కీపర్‌ అయ్యాడు. 2017 అక్టోబరులో విజయనగరంలో ఒడిశాపై హనుమ విహారి 302 పరుగులతో అజేయంగా నిలిచాడు.

టెస్టు టోపీలు

కాకినాడలో పుట్టిన విహారి 2018లో ఓవల్‌లో టెస్టు అరంగేట్రం చేశాడు. ఎమ్మెస్కే తరువాత మరో ఆంధ్ర ఆటగాడికి టెస్టు టోపీ దక్కడానికి 19 ఏళ్లు పట్టింది. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. అశ్విన్‌తో కలిసి టెస్టును కాపాడాడు. విశాఖ కుర్రాడు భరత్‌ 2023లో టెస్టుల్లోకి అడుగుపెట్టాడు. అదే నగరానికి చెందిన నితీశ్‌ కుమార్‌ రెడ్డి 2024 నవంబరులో పెర్త్‌లో అరంగేట్రం చేసి, డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 114 పరుగులు సాధించాడు.

మహిళల క్రికెట్‌లోనూ జిల్లాల సత్తా వెల్లడైంది. కడప జిల్లాకు చెందిన ఎడమచేతి స్పిన్నర్‌ శ్రీచరణి 2025 ప్రపంచ కప్‌ గెలిచిన భారత జట్టులో 14 వికెట్లు తీసింది.

జట్టు కూర్పు ఇలా..

ఆంధ్ర జట్టుకు పునాది పాత 13 జిల్లాల క్రికెట్‌ సంఘాలే. ప్రతిభ ఉన్న బాలుడు ముందుగా జిల్లా ఎంపిక పోటీల్లో రాణించాలి. ఆపై అండర్‌-16 (విజయ్‌ మర్చంట్‌ ట్రోఫీ), అండర్‌-19 (కూచ్‌ బెహార్‌ ట్రోఫీ), అండర్‌-23 (కల్నల్‌ సీకే నాయుడు ట్రోఫీ) మెట్లు ఎక్కి రంజీకి చేరాలి. నితీశ్‌ వెలుగులోకి వచ్చింది తొలి మెట్టులోనే. 2017-18 విజయ్‌ మర్చంట్‌ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు. నాగాలాండ్‌పై ఒకే ఇన్నింగ్స్‌లో 441 పరుగులు సాధించాడు. గుంటూరుకు చెందిన షేక్‌ రషీద్‌ 2022లో అండర్‌-19 ప్రపంచ కప్‌ గెలిచిన భారత జట్టుకు ఉపసారథి. 2024 నవంబరులో అతడు హైదరాబాద్‌పై, హైదరాబాద్‌లోనే 203 పరుగులు చేశాడు. 944 పరుగులు సమర్పించుకున్న జట్టుకు ఆ ద్విశతకం విలువ వేరు.

సొంత బలానికి తోడుగా బయటి రాష్ట్రాల సీనియర్లనూ ఆంధ్ర రప్పించింది. ముంబయికి చెందిన అమోల్‌ మజుందార్‌ తన ఆటజీవితం చివరి దశలో ఇక్కడ ఆడారు. 2014-15 నుంచి రెండు సీజన్ల పాటు మహ్మద్‌ కైఫ్‌ జట్టులో ఉన్నారు. భోపాల్‌లో పుట్టిన రికీ భుయ్‌ మాత్రం ఆంధ్రకు సొంతవాడే అయిపోయాడు. 2023-24 రంజీలో 902 పరుగులతో ఆ సీజన్‌లోనే అగ్రస్థానంలో నిలిచాడు.

రంజీ ఆట నేడు ఒక ఉద్యోగంతో సమానం. 2021-22 నుంచి అమలైన విధానం ప్రకారం తుది జట్టులో ఆడినవారికి అనుభవాన్ని బట్టి రోజుకు రూ.40 వేల నుంచి రూ.60 వేల వరకు మ్యాచ్‌ ఫీజు నిర్ణయించారు. నాలుగు రోజుల మ్యాచ్‌కు రూ.1.60 లక్షల నుంచి రూ.2.40 లక్షలు. రిజర్వు ఆటగాళ్లకు ఇందులో సగం. పల్లె నుంచి వచ్చిన కుర్రాడికి తుది పదకొండు మందిలో చోటు అంటే పేరు మాత్రమే కాదు, కుటుంబానికి జీవనాధారం.

లోపం ఎక్కడ?

ఇండోర్‌లో రెండు పరాజయాలూ ఒకే సంగతి చెబుతాయి. 2023 మ్యాచ్‌లో ఆంధ్ర తొలి ఇన్నింగ్స్‌లో 379 పరుగులు చేసి 151 పరుగుల ఆధిక్యం సాధించింది. మణికట్టు విరిగిన విహారి ఎడమచేతి వాటంగా, దాదాపు ఒంటిచేత్తో బ్యాటింగ్‌ చేసి దేశాన్ని అబ్బురపరిచాడు. రెండో ఇన్నింగ్స్‌లో మాత్రం జట్టు 93 పరుగులకే కుప్పకూలింది. మరుసటి ఏడాది 170 పరుగుల లక్ష్యం అందలేదు. రెండుసార్లూ గెలిచే స్థితికి చేర్చింది బౌలర్లు, ఒకరిద్దరు బ్యాట్స్‌మెన్‌. రెండుసార్లూ చేజార్చింది చివరి ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్‌.

సీనియర్లను నిలబెట్టుకోవడం మరో సమస్య. 2024 ఫిబ్రవరి ఓటమి అనంతరం సారథ్య మార్పుపై విహారి బహిరంగంగానే అసంతృప్తి వెళ్లగక్కాడు. 2025లో త్రిపురకు తరలిపోయాడు. భారత జట్టుకు ఎంపికైనవారు రంజీ మ్యాచ్‌లకు దొరకడం అరుదు. ఆ ఖాళీలను పూరించవలసింది మళ్లీ జిల్లాల కుర్రాళ్లే.

944 పరుగుల గాయం నుంచి నాలుగు పరుగుల దూరానికి రావడానికి ఆంధ్రకు సరిగ్గా మూడు దశాబ్దాలు పట్టింది. మిగిలిన దూరం చిన్నదే. ఒత్తిడిలో చివరి ఇన్నింగ్స్‌ ఆడగల ఇద్దరు ముగ్గురు బ్యాట్స్‌మెన్‌ను జిల్లా మైదానాలు అందించగలిగితే, సీకే నాయుడు ఆడిన జట్టుకు రంజీ ట్రోఫీ అందని పండు కాబోదు.