బరువును బట్టి ఆంప్లిఫయరు

కుండను వ్రేలితో మోగించి చూచి కొంటాము. ఆంప్లిఫయరును మాత్రం చాలామంది చేత్తో ఎత్తి చూచి కొనేవారు. బరువైనది మంచిదట! భౌతికశాస్త్రం చదివినవారు నవ్వవచ్చును గాని, ఈ నమ్మకం పుట్టటానికి గట్టి కారణమే వున్నది.

వాల్వు ఎక్కువ వోల్టేజితో స్వల్ప ప్రవాహాన్ని ఇస్తుంది. లౌడ్‌స్పీకరుకు కావలసినది తక్కువ వోల్టేజి, ఎక్కువ ప్రవాహం. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేది ట్రాన్స్‌ఫార్మరు. చిక్కంతా మంద్రస్వరాలతోనే. ఒకే వోల్టేజి వద్ద పౌనఃపున్యం తగ్గినకొద్దీ ఇనుప కోరులో అయస్కాంత అభివాహం పెరుగుతుంది. సెకనుకు 100 సైకిళ్ళ వద్ద కంటె 20 సైకిళ్ళ వద్ద అది అయిదు రెట్లు. కోరు చిన్నదైతే సంతృప్తి చెందుతుంది, మృదంగపు ఎడమవైపు నాదం చెదరిపోతుంది. కనుక ఇనుము పెరగక తప్పదు.

1927లో అమెరికాలో హెరాల్డ్ బ్లాక్ ఋణ ఫీడ్‌బ్యాక్ పద్ధతిని కనుగొన్నాడు. బయటికి వచ్చిన సంకేతంలో కొంత భాగాన్ని వ్యతిరేక దశలో వెనుకకు పంపితే వికృతి తగ్గుతుంది. ఇంగ్లండులో విలియమ్సన్ ఈ వలయంలోనికి ట్రాన్స్‌ఫార్మరును కూడా చేర్చి, 15 వాట్ల వద్ద వికృతి 0.1 శాతానికి మించని ఆంప్లిఫయరును 1947లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో వర్ణించాడు. దాని ప్రైమరీ చుట్టకు ప్రేరకత్వం కనీసం 100 హెన్రీలు వుండాలి. అంతటితో సరిపోదు, ప్రైమరీ, సెకండరీ చుట్లను పొరలు పొరలుగా ఒకదానిలో ఒకటి ఇమిడ్చి చుట్టాలి. లేకపోతే దశ తప్పి, ఆంప్లిఫయరు తనంతట తానే ఊళపెడుతుంది. ఇనుమును త్రాసు చూపుతుంది. చుట్టిన నేర్పును చూపదు. బరువు పరీక్షలోని లోపం మొదటినుంచీ ఇక్కడే వున్నది.

1956లో లిన్ ప్రకటించిన ట్రాన్సిస్టరు వలయంలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే లేదు. అయినా మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు, వేడిని వదిలే అల్యూమినియం రెక్కలు మిగిలినవి గనుక పాత నమ్మకం మరికొంతకాలం నిలిచింది. తరువాత అవీ కరిగిపోయినవి. మెయిన్సు విద్యుత్తును ఏకముఖం చేసి, సెకనుకు వేలకొద్దీ సార్లు తెంచి పంపితే చిన్న కోరే చాలును. ట్రాన్సిస్టరును పూర్తిగా తెరచుటో, పూర్తిగా మూయుటో చేసే డి-తరగతి పద్ధతిలో వేడి స్వల్పం. 1964లో సింక్లెయిర్ ఈ తరహా కిట్‌ను అమ్మజూపాడు. తగిన వేగంగల ట్రాన్సిస్టర్లు అప్పటికి లేక అది రాణించలేదు. నేడవి వున్నవి.

మరి ఎట్లా ఎంచుకోవాలి? లాబొరేటరీలో ఆసిలోస్కోపు వుంటే స్పీకరుకు బదులు నిరోధాన్ని తగిలించి, 1000 సైకిళ్ళ వద్ద ఇచ్చిన వాట్లనే 40 సైకిళ్ళ వద్ద కూడా ఇవ్వమనండి. తరంగపు శిరస్సు చదునవుతున్నదేమో తెరమీద కనబడుతుంది.