గోదారి లాంచీ దారి

జగిత్యాల జిల్లా ముత్యంపేట వైపు వాళ్లకు గోదావరి అంటే ధర్మపురి స్నానాలు. దిగువన అదే నది ఒకప్పుడు రహదారి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువల్లో పడవలు ధాన్యం మోశాయి. ఎగువన లాంచీలు రాజమండ్రి నుంచి భద్రాచలానికి యాత్రికులను చేర్చేవి. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’ సినిమా కథ నడిచింది ఆ ప్రయాణంలోనే. రోడ్లు పెరిగాక లాంచీ అవసరం తగ్గింది, పాపికొండల విహారం మిగిలింది.

కొండల నడుమ నది సన్నబడుతుంది. పేరంటాలపల్లిలో దిగితే శివాలయం, గుడికి వెళ్లే దారి పక్కనే కొండరెడ్లు వెదురుతో చేసి అమ్మే పూలు, బుట్టలు.

ఈ నదీమార్గంలోనే 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. ఎక్కగానే లైఫ్ జాకెట్ బిగించుకోండి. వరద రోజుల్లో ప్రయాణం మానుకోండి.