దొరసాని అనే ఒక్క మాట

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు మొదట బడి చరిత్ర రాద్దామనుకున్నాను. అది నాకంటే బాగా తెలిసిన పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుకే ఒక సినిమా పాటలోని ఒకే ఒక్క మాట చరిత్ర రాస్తున్నాను. ఆ మాట లోతు నాకు తెలిసింది మన బడిలోనే.

1981లో నేను తొమ్మిదో తరగతి. మాది కోరుట్ల దగ్గర పల్లె, చదువు జగిత్యాలలో. బడి వార్షికోత్సవంలో పాడటానికి ‘గులేబకావళి కథ’లో ఘంటసాల, ఎస్.జానకి పాడిన పాట ఎంచుకున్నాను. నన్ను దోచుకుంటావా అని ప్రియుడు తన దొరసానిని మురిపెంగా అడిగే ఆ పాట మీ అందరికీ తెలిసిందే. సెలవుకు ఇంటికి పోయి అరుగు మీద కూర్చుని పాడుకుంటుంటే, బియ్యం చెరుగుతున్న నాయనమ్మ చాట పక్కన పెట్టింది.

“దొరసాని దోసుకుంటె ఏడుస్తరు గని పాట కడుతరార బిడ్డా?”

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. బాలింతగా ఉన్నప్పుడు కూడా గడీకి పోయి వెట్టికి వడ్లు దంచిన మనిషి ఆమె. అంతకు మూడేళ్ల ముందే, 1978 సెప్టెంబర్ 7న, జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి పోవాలని, కూలి పెరగాలని, వసూలు చేసిన దండుగలు తిరిగి ఇవ్వాలని పల్లెలు కదిలిన రోజులవి. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. మా ఇంట్లో దొరసాని అన్న మాటను ఎవరూ గట్టిగా అనేవారు కాదు.

బడికి వచ్చి తెలుగు సారుకు చెప్పాను. ఆయనా నవ్వలేదు. “మీ నాయనమ్మ అన్నది తప్పు కాదు. కానీ ఆ పాట రాసినాయనది సిరిసిల్ల దగ్గరి ఊరే. ఆ మాట బరువు ఆయనకు తెలియదనుకున్నావా?” అన్నారు. ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది.

సి.నారాయణరెడ్డిగారు 1931లో హనుమాజీపేటలో పుట్టారు. వీధిబడిలో అక్షరాలు దిద్దారు. హరికథలు, జంగం కథలు, జానపదాలు వింటూ పెరిగారు. నిజాం కాలం కాబట్టి సిరిసిల్లలో, ఆ తర్వాత కరీంనగర్‌లో ఆయన బడిచదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. 1962లో విడుదలైన ‘గులేబకావళి కథ’తోనే ఆయన సినీరంగంలో అడుగుపెట్టారు. 1988కి ‘విశ్వంభర’ ఆయనకు జ్ఞానపీఠం తెచ్చింది.

ఈ వివరాలు పక్కపక్కన పెట్టుకుంటే నాకు తోచింది ఇది. ఉర్దూ గజల్‌లో ప్రేయసి యజమానురాలు, ప్రియుడు ఆమె బానిస. ఆమె మనసు దోచుకోవడమే అతనికి భాగ్యం. ఆ సంప్రదాయాన్ని సినారె మన పల్లె మాటలో పెట్టారని నా ఊహ. కోస్తా జిల్లాల్లో దొరలంటే ఎక్కువగా తెల్లవాళ్లు, దొరసాని అంటే తెల్లవారి ఆడమనిషి. మన దగ్గర దొరసాని అంటే గడీలో ఉండే మనిషి. ఒకే పాట విని అక్కడివారు మురిస్తే, ఇక్కడ ఒక ముసలామె చాట పక్కన పెట్టింది.

పాటల్లో దాగిన అర్థాలు వెతకడం ప్రపంచమంతటా ఉన్న సరదా. బీటిల్స్ బృందం 1967లో పాడిన ‘లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్’ పేరులో ఎల్‌ఎస్‌డి అనే మత్తుమందు దాగి ఉందని జనం అన్నారు. తన చిన్న కొడుకు గీసిన బొమ్మ నుంచి ఆ పేరు వచ్చిందని జాన్ లెనన్ చెబుతూ వచ్చాడు. కవి పెట్టని అర్థాన్ని కవికి అంటగట్టకూడదని దీని నుంచి నేర్చుకున్నాను. మా నాయనమ్మ విన్న అర్థం సినారె ఉద్దేశమని నేను అనను. అయితే అది ఆమె కల్పించుకున్నదీ కాదు. కవి ఆ మాటను ఎత్తుకునేటప్పటికే అందులో గడీ ఉంది, వెట్టి ఉంది. పునాది తవ్వేముందు మట్టి పొరలు చూడటం ఇంజనీరుగా నా పని. పై పొర ఒక్కటే చూసి ఇదే నేల అంటే కట్టడం నిలవదు.

ఆ ఏడు నేను ఆ పాట పాడలేదు. ‘అమరశిల్పి జక్కన’లో సినారెగారే రాసిన శిల్పి పాట పాడాను. నల్లరాళ్లలో ఎవరెవరు దాగి ఉన్నారోనని శిల్పి తలపోసే పాట అది. సారు ముందు వరుసలో కూర్చుని విన్నారు. నాయనమ్మకు కూడా ఇంట్లో పాడి వినిపించాను. “రాళ్లు కొట్టెటోళ్ల పాటనా? మంచిగుంది” అన్నది.

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఉత్సవం రోజు మనలో ఎవరో ఒకరు ఆ దొరసాని పాట పాడే ఉంటారు. నేనూ చప్పట్లు కొడతాను. అది నిజంగా మంచి పాట. పాట అయ్యాక మాత్రం, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఆ మాట వింటే వాళ్లకు ఏం గుర్తొస్తుందో ఒకసారి అడగండి. మా నాయనమ్మను నేను ఇంకొంచెం అడగవలసింది. నవ్వి ఊరుకున్నాను.