బోడికారు: ఒక మరమ్మతుల తారీఖ్



పోయిన నెల ఒక జుమా రోజు, అసర్ నమాజ్ అయ్యాక, చౌడేపల్లెలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు తలుపు తీశాం. బెంగళూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పాత కార్ల షౌక్ ఉన్న మనిషి. మా బోడికారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి కింద చూశాడు, తలుపు వేసి తీసి చప్పుడు విన్నాడు. ఆఖరికి అబ్బా వైపు తిరిగి, "అంతా ఒరిజినలేనా సాబ్?" అని అడిగాడు.

అబ్బాకు 72 ఏళ్ళు. చేతులు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించారు. "నంబర్ ప్లేటు ఒరిజినల్" అన్నారు.

ఆయన నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అబ్బా మాత్రం నవ్వలేదు. ఆ ప్రశ్న పట్టుకునే ఇదంతా రాస్తున్నా.

మన వాళ్ళ తారీఖ్‌లో కారు అనగానే అందరూ నిజాం దగ్గరికే పోతారు. రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్, దాని మీద సింహాసనం లాంటి సీటు, ఆ ఠాఠ్. రాయండి, వద్దనడం లేదు. కానీ ఆ కార్ల కింద పడుకుని, మొహం మీద ఆయిల్ కారుతుంటే నట్టు తిప్పినవాళ్ళ గురించి ఎవరూ ఒక పేజీ రాయరు. మీలో ఎంతమంది ఇళ్ళలో ఒక మిస్త్రీ ఉన్నాడో చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయని నా అందాజ్. మా ఖాందాన్‌లో దాదా నాల్‌బందీ చేసేవారు, జట్కా గుర్రాలకు లాడాలు కొట్టేవారు. జట్కాలు పోయి బస్సులొచ్చాక అబ్బాను పన్నెండేళ్ళకే మదనపల్లెలో బెంగళూరు బస్టాండు దగ్గరున్న ఒక కారఖానాలో శాగిర్దుగా పెట్టారు. అది 1966.

ఆ కారఖానాకు మరమ్మతుకు వచ్చిన కారే మా బోడికారు. అసలు పేరు స్టాండర్డ్ హెరాల్డ్. ఊళ్ళో ఒక డాక్టరు గారు 1964లో మద్రాసు నుంచి కొత్తగా తెచ్చుకున్నది.

హెరాల్డ్ పుట్టింది ఇంగ్లండులో, 1959లో, ట్రయంఫ్ పేరుతో. దాని సూరత్ గీసినవాడు మిచెలొట్టి అనే ఇటలీ మనిషి. అప్పటికి కార్లన్నీ బాడీ, ఛాసీ కలిసిన ఒకే డబ్బాగా మారిపోతున్నాయి. ట్రయంఫ్ వాళ్ళకు ఆ దారి దొరకలేదు. బాడీలు చేసిచ్చే కంపెనీని పోటీ కంపెనీ కొనేసింది. చేసేదిలేక కింద విడిగా ఛాసీ పెట్టి, పైన బాడీని ముక్కలు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించారు. మజ్‌బూరీలో చేసిన ఆ పనే దూరదేశాలకు బాగా కుదిరింది. ముక్కలుగా పెట్టెల్లో పంపితే అక్కడ బిగించుకోవచ్చు. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి హెరాల్డ్‌ను తయారుచేసింది. అదే ఛాసీని పొట్టి చేసి 1962లో ట్రయంఫ్ వాళ్ళు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చారు. అంటే మన హెరాల్డ్ స్పోర్ట్స్ కారుకు సగీ బెహన్ అన్నమాట. చూడ్డానికి మాత్రం బుద్ధిగా ఉండే అక్క.

ఆ రోజుల్లో దేశంలో సొంత కారంటే మూడే దుకాణాలు: అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్. 1953లో టారిఫ్ కమిషన్ చెప్పిన మాట మీద, ఇక్కడే తయారుచేసే ఇరాదా లేని కంపెనీలకు తలుపులు మూసుకున్నాయి. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్ళిపోయాయి. పరాయి కారు రాదు, పరాయి పుర్జా రావాలంటే లైసెన్సు. స్వదేశీ పుర్జా కావాలన్నా మదనపల్లె లాంటి ఊళ్ళో దొరకదు. మద్రాసు పుదుపేటకో, బెంగళూరు శివాజీనగర్‌కో పోయి పాత సామాన్లలో వెతుక్కోవాలి. బస్సు ఛార్జీ పుర్జా కంటే ఎక్కువయ్యేదట. అందుకే మన మిస్త్రీలు పుర్జా మార్చడం కంటే పుర్జా చేసుకోవడం ముందు నేర్చుకున్నారు. ఆ మాటకొస్తే తెలుగులో మనమంతా రోజూ అనే 'మరమ్మతు' కూడా అరబీ నుంచి వచ్చిందే. లారీ కింద ఉండే కమాన్ కట్టల్లో 'కమాన్' అంటే ఫార్సీలో విల్లు. డిగ్రీలో తెలుగు చదువుతున్నప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. అబ్బా షెడ్డులో నాకై నాకే తట్టింది.

సరే, బోడికారు ఎట్లా బోడిదయింది? డాక్టరు గారి అబ్బాయి మద్రాసులో చదువుతూ షోలవరంలో రేసులు చూసొచ్చాడు. యుద్ధకాలపు విమానాల పట్టీ మీద జరిగే ఆ రేసుల్లో హెరాల్డ్‌లు కూడా పరుగెత్తేవి. వచ్చి నాన్న కారును స్పోర్ట్స్ కారు చెయ్యమని ఉస్తాద్ వెంట పడ్డాడు. 1974 అని అబ్బా లెక్క. అంబాసిడర్ పైకప్పు కోస్తే మిగతా బాడీ కుంగిపోతుంది. ఫియట్‌దీ అదే హాల్. కానీ హెరాల్డ్ బరువంతా ఛాసీ మోస్తుంది. కప్పు ఒక టోపీ లాంటిది, బోల్టులు విప్పితే ఊడొస్తుంది. ఉస్తాద్ మర్హూమ్ కారు చుట్టూ తిరిగి, "దీనికి రంపం అక్కర్లేదు, పానా చాలు" అన్నారట. ఒక్క పూటలో టోపీ తీసేశారు. వానకు పైన కప్పడానికి షామియానాలు కుట్టే దర్జీతో కాన్వాసు గుడ్డ కుట్టించారు. చౌడేపల్లె జనానికి హెరాల్డూ తెలీదు, స్పోర్ట్సూ తెలీదు. తల మీద ఏమీ లేదు కాబట్టి బోడికారు. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా ఊళ్ళోకి వస్తే పిల్లలు వెనక పరుగెత్తేవాళ్ళట.

టోపీ తియ్యడం తమాషా. కారును బతికించడం వేరే సంగతి. హెరాల్డ్‌కు ముందు చక్రాల కింద, చక్రం కుడిఎడమలకు తిరిగే చోట, ఇత్తడి లాంటి ఒక ముక్క ఉంటుంది. దాంట్లో మరలున్న ఇనుప కడ్డీ తిరుగుతుంది. దానికి గ్రీజు కాదు, గేర్ ఆయిల్ పెట్టాలి. కానీ అక్కడుండేది గ్రీజు గన్ పెట్టే రంధ్రంలాగే కనిపిస్తుంది. ఒక ఏడాది కారు వేరే ఊళ్ళో వేరేవాళ్ళ దగ్గర సర్వీసుకు పోయింది. వాళ్ళు గ్రీజు కొట్టి పంపారు. గ్రీజు గట్టిపడింది, లోపల నీళ్ళు నిలిచి కడ్డీ తుప్పు తిన్నది. పుంగనూరు దాటాక ఒక మలుపులో కడ్డీ విరిగి, చక్రం అలిసిన ఎద్దు కాలు మడిచినట్టు మడుచుకుంది. కారు మెల్లగా పోతున్నది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, అల్‌హమ్‌దులిల్లాహ్. కొత్త కడ్డీ దొరకడానికి మూడు నెలలు పట్టింది. అది మొదలు మా షెడ్డులో గోడ మీద ఎర్ర రంగుతో ఉర్దూలో ఒక మాట ఉంది: తేల్, గ్రీజ్ నక్కో.

వెనక చక్రాలది ఇంకో కథ. ఒక్కో చక్రం విడిగా ఊగుతుంది, అడ్డంగా ఒకే కమాన్ కట్ట. తారు రోడ్డు మీద సుఖమే. కానీ భాకరాపేట ఘాట్ లాంటి చోట మలుపులో వేగంగా పోయి ఒక్కసారిగా కాలు తీస్తే చక్రం లోపలికి ముడుచుకుని వెనక భాగం విసురుతుంది. మన రోడ్లకూ మన మిస్త్రీలకూ ఆ ఏర్పాటు నచ్చలేదు. మద్రాసు కంపెనీకి అది తెలిసింది. 1970ల మొదట్లో హెరాల్డ్ పోయి గజెల్ వచ్చినప్పుడు ఆ ఊగే ఇరుసు తీసేసి మామూలు గట్టి ఇరుసు పెట్టారు. ఇంగ్లండు ఇంజనీర్లు గీసిన నక్షాను ఇక్కడి మలుపులు, ఇక్కడి పానాలు కలిసి మార్చాయి. ఏ మిస్త్రీకీ దానికి సనద్ ఇవ్వలేదు. గజెల్ కూడా 1977 దాకే. తర్వాత 1985లో స్టాండర్డ్ 2000 అని పెద్ద కారు తెచ్చారు, అది నడవలేదు, కంపెనీ మూతబడింది. అంటే అప్పటినుంచి మా కారుకు పుట్టిల్లు లేదు.

1989లో డాక్టరు గారు ఊరు వదిలి పోతూ, పేరుకుపోయిన మరమ్మతు బాకీ కింద కారును ఉస్తాద్‌కు ఇచ్చేశారు. ఉస్తాద్ దాన్ని అబ్బా చేతిలో పెట్టి, "యే అమానత్ హై" అన్నారు. అమ్మీ ఆ రోజు అన్న మాట ఇక్కడ రాయను. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తుంటే కారు తెచ్చిన మొగుడిని ఏ ఇల్లాలైనా ఏమంటుందో అదే.

నా బచ్‌పన్ అంతా ఆ కారు క్లచ్ మీద గడిచింది. ఈ ఇంజన్‌లో, 948 సీసీది, క్రాంక్ ముందుకూ వెనక్కూ జరక్కుండా నెలవంక ఆకారంలో చిన్న వాషర్లుంటాయి. అవి అరిగితే ఆయిల్ తొట్టిలో పడిపోతాయి, క్రాంక్ పోయి బ్లాకును కొరుకుతుంది. చూసే పద్ధతి చాలా తేలిక. ఒకరు క్లచ్ తొక్కాలి, ఒకరు ముందు నిలబడి ఫ్యాన్ బెల్టు పుల్లీ జరుగుతోందా అని చూడాలి. తొక్కేవాణ్ణి నేను. "దబావ్. ఛోడ్. దబావ్." పుల్లీ కదిలిందంటే ఆ ఆదివారం మాకు క్రికెట్ లేనట్టే. తొట్టి విప్పాలి, కొత్త నెలవంకలు ఎక్కించాలి. పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. ఫీలర్ గేజ్ దొరక్కపోతే అబ్బా అగ్గిపెట్టె అట్ట చింపి పెట్టేవారు. నేల రేకు తుప్పు తిని రోడ్డు కనిపించినప్పుడు ఆయిల్ డ్రమ్ము కోసి, కొట్టి, టింకరింగ్ చేసి వేశారు. నిన్నమొన్న ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక పాత రబ్బరు పైపులు మెత్తబడిపోయాయి. పంపు లోపలి పొర ఉబ్బింది. అదీ మార్చారు, ఈ వయసులో, స్టూలు మీద కూర్చుని.

ఇవన్నీ నా యాదాష్త్‌లోంచి చెప్పడం లేదు. అబ్బా దగ్గర ఒక బయాజ్ ఉంది. బయాజ్ అంటే షాయర్లు గజల్స్ రాసుకునే పుస్తకం. మా అబ్బా మరమ్మతులు రాసుకున్నారు. ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు, పెన్సిలుతో. తేదీ, మర్జ్, ఇలాజ్, ఖర్చు. హకీమ్ నుస్ఖా రాసినట్టే ఉంటుంది. 1989 నుంచి మొన్నటి పంపు దాకా 214 పేజీలు. నేను ఉర్దూ మీడియంలో చదివాను కాబట్టి చదవగలను. నా పిల్లలకు అది గీతల బొమ్మ. నా తమ్ముడి పిల్లలకూ అంతే. మీ ఇళ్ళలో తాతల ఉత్తరాలు, నికాహ్‌నామాలు పెట్టెల్లో ఎట్లా పడున్నాయో ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇప్పుడు అసలు పేచీ. 2021లో కేంద్రం పాత వాహనాలకు కొత్త కాయిదా తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటితే వింటేజ్ అని రాయించుకోవచ్చు. ఫీజు 20 వేలు, పదేళ్ళకు చెల్లుతుంది. కొత్తగా రిజిస్ట్రేషన్ చేయిస్తే నంబర్‌లో వీఏ అని అక్షరాలు వస్తాయి. రోజూ తిప్పకూడదు, కిరాయికి పెట్టకూడదు. అది రాకపోతే మా కారు కాగితం మీద పాత ఇనుమే. వస్తే దానికి ఇజ్జత్, ధర రెండూ పెరుగుతాయి. బెంగళూరు పెద్దమనిషి వచ్చిందీ ఆ లెక్కతోనే. కాకపోతే ఒక షర్తు ఉంది: ఛాసీలో, బాడీలో, ఇంజన్‌లో మార్పు తెచ్చే భారీ మరమ్మతు జరిగి ఉండకూడదు. ఉన్నది ఉన్నట్టు కాపాడుకోవాలి.

ఆ షర్తు ఎందుకు పెట్టారో నాకు అర్థమవుతుంది. లేకుంటే ప్రతివాడూ నాలుగు పాత ముక్కలు అతికించి వింటేజ్ అంటాడు. కానీ ఉన్నది ఉన్నట్టు కాపాడాలంటే పుర్జాలు దొరకాలి, కంపెనీ బతికి ఉండాలి, డబ్బుండాలి, కారు ఏసీ గదిలో నిద్రపోవాలి. చౌడేపల్లెలో నిద్రపోయిన కారు ఎలుకల పాలయింది. తిరిగిన కారు మరమ్మతులతో తిరిగింది. కార్ఖానాలో బిగించిన రోజే కారు అసలు రూపం అని కాయిదా అంటే, ఆ తర్వాత అరవై ఏళ్ళు దాన్ని నడిపిన చేతులు మచ్చలుగా లెక్కకు వస్తాయి. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

దరఖాస్తు నేనే నింపడానికి కూర్చున్నాను. జర్నలిస్టును కదా, ఏ మాట ఎక్కడ దాస్తే కనిపించదో నాకు తెలుసు. "పెద్ద మరమ్మతులేమీ లేవని రాసేద్దాం అబ్బా. టోపీ మన దగ్గరే ఉంది కదా, మళ్ళీ బిగించేస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. నిజమే, ఆ కప్పు ఇంకా మా అటక మీదే ఉంది, అమ్మీ దాని కింద ఉల్లిపాయలు ఆరబోస్తుంది.

అబ్బా కళ్ళద్దాలు తీశారు. "నక్కో బేటా, ఝూట్ నక్కో లిఖ్. టోపీ మా ఉస్తాద్ చేత్తో తీసింది. డ్రమ్ము రేకు నా చేత్తో వేసింది. చెయ్యలేదని రాస్తే నేను ఇన్నేళ్ళు ఏం చేసినట్టు?" అన్నారు.

అందుకే ఫారం ఇంకా నా బ్యాగులోనే ఉంది. కొనడానికి వచ్చినాయన రెండుసార్లు ఫోన్ చేశాడు. కప్పు బిగించి, నేల రేకు మార్చి, అంతా కంపెనీ రూపానికి తెస్తానంటున్నాడు. మంచి మనిషే, మంచి ధరే చెప్పాడు. చెల్లెలి కూతురి నికాహ్ ముందుంది. అబ్బా ఇంకా అవుననలేదు, కాదనలేదు.

ఈలోగా నేను బయాజ్‌ను తెలుగు లిపిలోకి ఎక్కిస్తున్నాను. రోజుకు నాలుగు పేజీలు. 37వ పేజీలో ఆగిపోయాను. "గుట్కా లగాకే హీ నీచే జానా" అని రాసుంది. అబ్బా జిందగీలో గుట్కా ముట్టింది లేదు. ఫజర్ తర్వాత అడిగాను. ఏమీ చెప్పకుండా షెడ్డులోకి తీసుకెళ్ళి, గోడవారగా ఉన్న చింతచెక్క దిమ్మె తెచ్చి వెనక చక్రం కింద పెట్టి, కాలితో రెండు తన్నులు తన్ని గట్టిగా కూర్చుందా లేదా అని చూశారు. తర్వాత చాప పరిచి, "నీచే ఆ" అన్నారు.