కాళ్లు అందని బైకు: ఎత్తు తగ్గించాలంటే ముందు ఎక్కడ చేయి పెట్టాలి?

షోరూమ్‌లో సైడ్ స్టాండ్ మీద వాలి ఉన్న బండి ఎక్కినప్పుడు తేడా తెలియదు. దాన్ని నిటారుగా లేపాకే మునివేళ్లు తప్ప ఇంకేమీ నేలకు ఆనడం లేదని అర్థమవుతుంది. ‘ఈ బండి మీకు హైట్ ఎక్కువైపోతుంది మేడమ్’ అని సేల్స్‌మన్ అనడానికి ఎక్కువసేపు పట్టదు. మగవాళ్లకైతే అదే మాట కాస్త గొంతు తగ్గించి చెబుతారు.

భారతీయ పురుషుల సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు, మహిళలది 152-153. హీరో స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు కాబట్టి చాలామందికి ఇబ్బంది ఉండదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి అది 805, హిమాలయన్ 450కి 825. కేటీఎం 390 అడ్వెంచర్ 2020లో వచ్చినప్పుడు 855. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ ప్రో అయితే ఏకంగా 891. అయిదడుగుల రెండంగుళాల మనిషికి తొడల మధ్య నుంచి మడమ వరకు ఉండే పొడవు సుమారు 72 సెంటీమీటర్లే. దూర ప్రయాణాలకు, కొండదారులకు తయారైన బళ్లు పొట్టివాళ్లకు అందకపోవడానికి కారణం ఈ లెక్కే.

బండి వేగంగా వెళ్తున్నప్పుడు దీనితో పెద్దగా పని లేదు. సిగ్నల్ దగ్గర, ఎత్తుపల్లాల పార్కింగ్‌లో, ఇసుక మీద యూటర్న్ తీసుకునేటప్పుడే అసలు చిక్కు. హిమాలయన్ 450 బరువు 196 కిలోలు. అది ఒకవైపు వాలడం మొదలయ్యాక మునివేళ్లతో ఆపడం కష్టం.

అంకె చెప్పని సంగతులు

బ్రోషర్‌లో రాసిన సీటు ఎత్తు సగం సంగతే చెబుతుంది. సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు విచ్చుకుని కాళ్లు పక్కలకు పోతాయి, నేల మరింత దూరమవుతుంది. 825 మిల్లీమీటర్ల సన్నటి సీటు మీద కాలు ఆనినవాళ్లకు 805 మిల్లీమీటర్ల వెడల్పాటి సీటు మీద ఆనకపోవచ్చు.

రెండోది శాగ్. మనిషి కూర్చోగానే సస్పెన్షన్ కొంత దిగుతుంది. సాధారణంగా మొత్తం ప్రయాణంలో మూడో వంతు వరకు అలా దిగేటట్టు సెట్ చేస్తారు. హిమాలయన్ 450లో సస్పెన్షన్ ప్రయాణం 200 మిల్లీమీటర్లు, అంటే 60 మిల్లీమీటర్ల దాకా దిగవచ్చు. అయితే పొట్టివాళ్లు చాలావరకు తేలిగ్గా కూడా ఉంటారు. ఎక్కువ బరువును దృష్టిలో పెట్టుకుని బిగించిన స్ప్రింగు 50 కిలోల మనిషి కింద అంతగా దిగదు. పొడుగు మనిషి కంటే పొట్టి మనిషే నేలకు ఎక్కువ ఎత్తులో కూర్చోవాల్సి వస్తుంది.

అందుకే మొదట చేయి పెట్టాల్సింది వెనుక స్ప్రింగు ప్రీలోడ్ మీద. చాలా బళ్లలో టూల్‌కిట్‌లోని స్పానర్‌తోనే దీన్ని తగ్గించుకోవచ్చు. బరువుకు తగ్గట్టు సెట్ చేస్తే ఇది రాజీ కాదు, అసలు అలాగే ఉండాలి. అంతకంటే వదులు చేస్తే మాత్రం గుంతల్లో సస్పెన్షన్ అడుగంటి కొడుతుంది. వెనుక ఇంకొకరు ఎక్కిన రోజున మళ్లీ బిగించుకోవాలి.

తర్వాతి వంతు సీటుది. హిమాలయన్ 450 సీటు ఎత్తును 825, 845 మిల్లీమీటర్ల మధ్య మార్చుకోవచ్చు. కంపెనీయే విడిగా అమ్మే లో సీటు వేస్తే 805కు దిగుతుంది. కంపెనీ సీటు లేని బళ్లకు ఢిల్లీ కరోల్ బాగ్, బెంగళూరు జేసీ రోడ్డు, హైదరాబాద్ పుత్లీబౌలి లాంటి మార్కెట్ల చుట్టుపక్కల ఉండే సీటు పనివాళ్లే దిక్కు. వాళ్ల దగ్గర ఫోమ్ మొత్తాన్ని పలుచగా కోయించడం కంటే ముందు భాగంలో రెండు పక్కలా చెక్కించడం మేలు. ఫోమ్ మరీ పలుచనైతే గంట ప్రయాణంలోనే కింది ప్లాస్టిక్ గుచ్చుకుంటుంది. కోసిన ఫోమ్‌ను మళ్లీ అతికించడం కష్టం కాబట్టి పాత సీటును అలాగే ఉంచి, ఇంకో సీటు కొని దాని మీద పని చేయించుకునేవాళ్లు తెలివైనవాళ్లు.

సస్పెన్షన్ జోలికి వెళ్తే

ఈ రెండూ చాలనప్పుడే మూడో మార్గం. వెనుక చక్రానికి, షాక్ అబ్జార్బర్‌కు మధ్య లింకేజీ ఉన్న బళ్లలో కుక్క బిస్కెట్ ఆకారంలో ఉండే చిన్న లోహపు ముక్కలు ఉంటాయి. మెకానిక్‌లు వాటిని డాగ్‌బోన్ అంటారు. వాటి స్థానంలో కొంచెం పొడవైనవి బిగిస్తే వెనుక భాగం కిందికి దిగుతుంది. లింకు పొడవు కొద్ది మిల్లీమీటర్లే పెరిగినా సీటు దగ్గర తగ్గేది అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. పని గంటలో అయిపోతుంది. ఖర్చు తక్కువ, సీటు మెత్తదనం పోదు. అందుకే దీనికి అంత గిరాకీ.

దీని ప్రభావం మాత్రం బండంతా కనబడుతుంది. వెనుక దిగి ముందు దిగకపోతే ఫోర్కులు మరింత వాలుతాయి. హ్యాండిల్ బద్ధకిస్తుంది, మలుపుల్లో బండి బయటికి జారుతున్నట్టు ఉంటుంది. హెడ్‌లైట్ వెలుగు రోడ్డు వదిలి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. సరిచేయడానికి ముందు ఫోర్కు గొట్టాలను క్లాంపుల్లోంచి కొద్దిగా పైకి జరుపుతారు. ఇదీ హద్దులో ఉండాలి. ముందు భాగం మరీ దిగితే హ్యాండిల్ తేలికై వేగంలో వణుకు వస్తుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు టైరో మడ్‌గార్డో పైనున్న భాగాలకు తగిలే ప్రమాదమూ ఉంది. వెనుక కూడా ఇదే చూసుకోవాలి. స్ప్రింగు తీసి చక్రాన్ని పూర్తిగా పైకి ఎత్తి, టైరు దేనికీ తగలడం లేదని చూడని మెకానిక్ పని పూర్తి చేసినట్టు కాదు. స్వింగార్మ్ కోణం మారుతుంది కాబట్టి చెయిన్ వదులును కూడా మళ్లీ సరిచూడాలి.

కొన్ని షెడ్లలో స్ప్రింగునే ఒక చుట్టు కోసేస్తారు. దీనికి ఒప్పుకోకూడదు. చుట్లు తగ్గితే స్ప్రింగు మరింత గట్టిపడుతుంది, కోసిన కొన తన గూటిలో సరిగా కూర్చోదు. చిన్న చక్రాలు వేయించడం కూడా అంతే. స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, చక్రం తిరిగే వేగాన్ని చదివి పనిచేసే ఏబీఎస్ లెక్క తప్పుతుంది.

చాలామంది మరచిపోయేది సైడ్ స్టాండ్. బండి దిగింది కానీ స్టాండ్ పొడవు మారలేదు. దాంతో బండి దాదాపు నిటారుగా నిలబడుతుంది, గాలి వీచినా పక్కనున్నవాళ్లు తగిలినా కుడివైపు పడిపోతుంది. స్టాండ్‌ను కోసి వెల్డింగ్ చేయించాలి. అదీ బండి నుంచి ఊడదీసే. బ్యాటరీ కనెక్షన్ కూడా తీయకుండా బండి మీదే వెల్డింగ్ చేస్తే ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు. సెంటర్ స్టాండ్ ఉంటే దాని మీదికి ఎక్కించడం మునుపటి కంటే కష్టమవుతుంది.

తగ్గిన ప్రతి మిల్లీమీటరూ గ్రౌండ్ క్లియరెన్స్‌లోంచి పోయేదే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సిఫార్సు ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. ఊరి మొదట్లో రాత్రికి రాత్రి వెలిసే సిమెంటు దిబ్బలకు ఆ కొలతలతో సంబంధం లేదు.

చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా యజమాని బండిని మార్చకూడదు. బండి మౌలిక లక్షణం మారేలా నిర్మాణంలో చేసే మార్పునే ఆ సెక్షన్ మార్పుగా నిర్వచించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ హైకోర్టు తీర్పును పక్కన పెడుతూ ఈ సెక్షన్‌ను కఠినంగానే వ్యాఖ్యానించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

సీటు ఎత్తు ఆర్‌సీలో ఉండదు. సీటు మార్చుకోవడాన్ని, ప్రీలోడ్ తిప్పడాన్ని నిర్మాణంలో మార్పు అనడం కష్టం. కంపెనీ తయారు చేయని లింకులు, కోసిన స్టాండ్‌ల విషయంలో మాత్రం అంత ధీమాగా చెప్పలేం. ప్రమాదం జరిగాక బీమా సర్వేయర్ వాటిని చూసి ప్రశ్నిస్తే ఇబ్బంది. ముందే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపడం, వారంటీ గురించి సర్వీస్ సెంటర్‌లో అడిగి పెట్టుకోవడం మంచిది.

కంపెనీలూ కొంత దిగివస్తున్నాయి. 2025లో వచ్చిన కొత్త 390 అడ్వెంచర్ సీటు 830 మిల్లీమీటర్లకు తగ్గింది. హార్లీ డేవిడ్‌సన్ 2021లో పాన్ అమెరికా 1250కి, ఆగబోతుంటే దానంతట అదే కిందికి దిగే సస్పెన్షన్ ఇచ్చింది. అది సామాన్యుడి బడ్జెట్‌లో బండి కాదనుకోండి.

అసలు రెండు పాదాలూ పూర్తిగా ఆనాల్సిన అవసరం ఉందా? సుమారు 160 సెంటీమీటర్ల ఎత్తున్న స్పెయిన్ రేసర్ డానీ పెడ్రోసా మోటోజీపీలో 31 రేసులు గెలిచాడు. రేస్‌ట్రాక్‌లో సిగ్నళ్లు ఉండవు, నిజమే. రోడ్డు మీద ఆగేటప్పుడు పొట్టి రైడర్లు నేర్చుకునే పద్ధతి వేరే ఉంది. సీటు మీద కొంచెం ఎడమకు జరిగి, కుడికాలు వెనుక బ్రేకు మీదే ఉంచి, ఎడమ పాదాన్ని పూర్తిగా ఆనిస్తారు. ఎక్కడ ఆగాలో ముందే చూసుకుని ఎత్తుగా ఉన్నవైపు కాలు పెడతారు. ఖాళీ మైదానంలో కొన్ని రోజులు సాధన చేశాక లింకులు మార్చాలన్న ఆలోచనే మానుకున్నవాళ్లున్నారు.

అయినా మార్చాల్సి వస్తే, మొదటి వారం వేగంగా వెళ్లకుండా, వంద కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్లీ సరిచూసుకోవాలి. ఊడదీసిన పాత లింకులను ఒక సంచిలో వేసి అటక మీద పెట్టుకోవాలి. బండి అమ్మే రోజున కొనడానికి వచ్చేది ఆరడుగుల మనిషి కావచ్చు.